వాలని సీటు

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఖాలా, అంటే మా అమ్మ చెల్లెలు, ఒకరోజు ముఖం మీదే అడిగేసింది. "టికెట్లు రాసుడు గూడ ఒక నౌకరేనానే రజియా? బస్సుల కండక్టరు గూడ రాస్తడు గద!" ఆ రోజు అలిగి అన్నం తినకుండా లేచాను. ఇప్పుడా కోపమేమీ లేదు. టికెట్ రాయడం నిజంగానే పెద్ద పని కాదు. ఎదురుగా కూర్చున్న మనిషి ఎవరు, ఎందుకు పోతున్నాడు, ఎలా పోగలడు అని తెలుసుకోవడంలోనే పనంతా ఉంది. అది నాకు తెలిసిరావడానికి చాలా ఏళ్లు పట్టింది.

నల్లగొండలో గడియారం స్తంభం దగ్గర, ఒక మందుల దుకాణం పక్కన మా ట్రావెల్ ఆఫీసు ఉండేది. ఎనభైల మొదట్లో టైపిస్టుగా చేరాను. టికెట్ల పని అక్కడే నేర్చుకున్నాను. పెళ్లయ్యాక కూడా మానలేదు. జుట్టు నెరిసేదాకా ఆ కుర్చీలోనే కూర్చున్నాను. మొన్న మా అక్క మనవరాలు, నన్ను నానీ అంటే అమ్మమ్మ అని పిలిచే పిల్ల, హైదరాబాదులో అలాంటి ఆఫీసులోనే చేరి, మిఠాయి డబ్బాతో మా ఇంటికి వచ్చింది. "నానీ, బిజినెస్ క్లాసుల ఏ కంపెనీ సీటు మంచిదని అడిగితె ఏం జెప్పాలె?" అంది. ఫోనులో సీట్ల బొమ్మలు చూపించింది. మంచంలా పరుచుకునే సీట్లు, తలుపులున్న సీట్లు. చూడముచ్చటగా ఉన్నాయి. ఆ పిల్ల అడిగినదానికి జవాబుగానే ఇది రాస్తున్నాను. జవాబు కొంచెం పొడుగైంది.

దుప్పటి, చెప్పులు, అత్తరు

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది గల్ఫుకు పోయే మేస్త్రీలు, డ్రైవర్లు, దర్జీలు. వాళ్లందరికీ విమానంలో వెనక సీట్లే. ముందు భాగంలో, బిజినెస్ క్లాసులో పోయేవాళ్లు ఏడాది మొత్తం మీద కొద్దిమంది. యంత్రాలు చూడటానికి పోయే మిర్యాలగూడ రైసుమిల్లు యజమానులు, అప్పుడప్పుడు ఒక డాక్టరు, మహబూబ్‌నగర్ నుంచి ఒక వేరుశనగ నూనె వ్యాపారి. వాళ్లొస్తే మా రాజలింగం సారు కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. ఆలేరు రైల్వే స్టేషన్‌లో బుకింగ్ క్లర్కుగా పనిచేసి, అది విసుగొచ్చి ఈ ఆఫీసు పెట్టిన మనిషి ఆయన. అప్పటికి ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. అయినా ఏ విమానంలో కాళ్లు ఎంతవరకు చాపుకోవచ్చో, ఏ కంపెనీ పప్పులో ఉప్పు తక్కువో ఎక్కి దిగినవాడిలా చెప్పేవాడు. గోడ నిండా విమాన కంపెనీల పోస్టర్లే. ఆయన అమ్మే తీరు చూసి చాలా నేర్చుకున్నాను. ఏది చేయకూడదో కూడా కొంత ఆయన్ను చూసే నేర్చుకున్నాను.

బొంబాయి నుంచి లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ వైపు దూరప్రయాణాలకు మాకు తెలిసిన కంపెనీలు మూడు పోటీ పడేవి. వాటి పేర్లు రాయను. మేం కూడా ఆఫీసులో పేర్లు వాడేవాళ్లం కాదు. ఒకటి దుప్పటి కంపెనీ. వాళ్లిచ్చే ఉన్ని దుప్పటి ఎంత మెత్తగా ఉండేదంటే, మా మిల్లు యజమాని ఒకాయన దాన్ని సూట్‌కేసులో పెట్టుకొని ఇంటికే తెచ్చేశాడు. రెండోది చెప్పుల కంపెనీ. ఎక్కగానే మెత్తటి చెప్పులు ఇచ్చేవారు. అన్నిటికంటే కొత్త సీట్లు వాళ్లవే, అన్నిటికంటే ఎక్కువ వెనక్కి వాలేవి కూడా. ఆ రోజుల్లో ఏ బిజినెస్ క్లాసు సీటూ పూర్తిగా మంచం అయ్యేది కాదు. కాళ్ల కింద ఒక పీట పైకి లేస్తే అదే గొప్ప. మూడోది అత్తరు కంపెనీ. చిన్న సీసాల్లో అత్తరు పంచేది. సీట్లు పాతవి, తివాచీలు వెలిసిపోయినవి. ఆ కంపెనీ టికెట్ మేం ఎవరికీ ముందుగా చూపించేవాళ్లం కాదు. మిగతా రెండింట్లో ఖాళీ లేకపోతేనే బయటికి తీసేవాళ్లం.

పొగ వరస

అప్పట్లో విమానంలో సిగరెట్ తాగనిచ్చేవారు. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. బిజినెస్ క్లాసులో కూడా చివరి వరసలు పొగ తాగేవాళ్లవి. మహబూబ్‌నగర్ నుంచి ఆయాసం ఉన్న ఒక డాక్టరమ్మ వస్తే, సారు స్వయంగా కూర్చొని దుప్పటి కంపెనీలో పొగ తాగని వరసలో సీటు ఇప్పించాడు. సీట్ల పటం మీద వేలు పెట్టి మరీ చూపించాడు. ఆమె సంతోషంగా పోయింది.

తిరిగొచ్చాక మహబూబ్‌నగర్ పోకముందే మా ఆఫీసుకు వచ్చింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"రాజలింగంగారూ, మీరిచ్చింది పొగ తాగని వరసే. గని దాని ఎనుక వరసనే తాగేటోళ్లది. నడుమ గోడ లేదు, పరద లేదు. పొగకేం తెలుస్తది యాడ ఆగాల్నో?"

సారు చాయ్ తెప్పించాడు. ఆమె పోయాక నాతో అన్నాడు. "మనం కాయిదం మీద సీటు సూసినం బేటీ. ఆమె దగ్గు ఇనలె."

ఆ తర్వాత ఆయనొక అలవాటు పెట్టాడు. ముందు సీట్లకు ఎవరొచ్చినా మొదటి ప్రశ్న, "మీకు యాడన్న నొప్పి ఉన్నదా?" మిల్లు యజమానులకు ఇది నచ్చేది కాదు. ఒకాయన "నేను దవాఖానకు వచ్చిన్నా, టికెట్టుకు వచ్చిన్నా?" అని లేచాడు కూడా. కాసేపటికి మళ్లీ కూర్చొని, మోకాలు ముడుచుకోవడం లేదని మెల్లగా చెప్పాడు. మా మనవరాలికి చెప్పే మొదటి మాట ఇదే. సీటు గురించి అడిగినవాళ్లతో ముందు ఒంటి గురించి మాట్లాడు. కొందరికి కోపమొస్తుంది. రానివ్వు.

జంగన్న

తొంభైల నడుమ ఒక వేసవిలో భాస్కర్ అనే అతను హైదరాబాదు నుంచి వచ్చాడు. తాగునీటి మీద పనిచేసే ఒక సంస్థలో ఉండేవాడు. లండన్‌లో మంచినీళ్ల గురించి ఒక సభ జరుగుతోందని, మా జిల్లా నీళ్ల గురించి చెప్పడానికి ఆ నీళ్లు తాగిన మనిషినే పిలిచారని చెప్పాడు. ఆ మనిషి జంగయ్య. గొర్ల కాపరుల ఇంట్లో పుట్టినవాడు, నల్లగొండకు బస్సు దూరంలోని ఒక ఊరివాడు. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు చిన్నప్పటి నుంచి తాగితే ఎముకలు గట్టిపడిపోతాయి. నడుము వంగి, వంగినచోటే బిగుసుకుపోతుంది. మా జిల్లాలో ఇలాంటివాళ్లు లేని ఊళ్లను వెతకాలి. జంగయ్యకు నలభై దాటలేదు, చూసినవాళ్లు తాత అనేవాళ్లు.

"ఖర్చు సభవాళ్లే పెట్టుకుంటారు. ఆయనకూ, తోడుగా భార్యకూ బిజినెస్ క్లాసు. అన్నిటికంటే ఎక్కువ వాలే సీటు ఏదో చూడండి," అన్నాడు భాస్కర్.

సారు వెంటనే చెప్పుల కంపెనీ కాగితాలు తీశాడు. నేను మాత్రం, ముందు ఆయన్ను చూసి వద్దాం అన్నాను. మర్నాడు భాస్కర్ జీపులోనే ఆ ఊరికి పోయాం.

జంగయ్య ఇంటి ముందు వేపచెట్టు నీడలో ఎత్తుపీట మీద కూర్చొని ఉన్నాడు. ముందుకు వంగి, ఎదురుగా పెట్టుకున్న బల్ల మీద మోచేతులు ఆనించుకున్నాడు. మెడ తిరగదు కాబట్టి నన్ను చూడటానికి మనిషంతా పక్కకు తిరిగాడు. నవ్వు మాత్రం పడుచువాడి నవ్వు.

"రా చెల్లె. నన్ను ఇమానంల పంపేటిది నువ్వేనటగ?"

"అవునన్నా. ఎట్ల కూసుంటవు, ఎట్ల పంటవు, అది సూద్దామని వచ్చిన."

"కూసునుడు గిట్లనే. పండుడు పక్కకు ముడుసుకొని పంట. ఎల్లెలకల పండుడు ఎప్పుడో మర్సిపోయిన."

ఆయన భార్య లక్ష్మమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. బక్కపలచటి మనిషి, మాట తక్కువ. ఆయన కూర్చున్న తీరు, కాళ్లు ఆనే ఎత్తు, బల్ల ఎంత దూరంలో ఉండాలి, అన్నీ నేను ఒక నూలు తాడుతో కొలిచి ముడులు వేస్తుంటే, ఆమె ఆయన భుజం పట్టుకొని నిలబడింది. రాత్రిళ్లు ఒక పక్కన చాలాసేపు ఉంటే తుంటి నొస్తుందట. ఆమె లేచి అటు ఇటు తిప్పుతూ ఉంటుందట. ఆ మాట కూడా జంగయ్యే చెప్పాడు, ఆమె చెప్పలేదు.

అద్దాల షోరూములో

చెప్పుల కంపెనీ వాళ్లు హైదరాబాదు ఆఫీసులో తమ కొత్త సీట్లు రెండు అద్దాల వెనక ప్రదర్శనకు పెట్టారు. దారిన పోయేవాళ్లు కూడా ఆగి చూసేవారు. జంగయ్యను అక్కడికే తీసుకుపోయాం. సారు కూడా వచ్చాడు. ఆ సీటు గురించి చెప్పడం ఆయనకు పండగ.

లక్ష్మమ్మా నేనూ చెరో వైపు పట్టుకొని కూర్చోబెట్టాం. సీటు నిటారుగా ఉన్నప్పుడే కొంచెం వెనక్కి ఒరిగి, నడుము దగ్గర గుంటలా ఉంది. మంచి నడుమున్నవాళ్లకు అది సుఖం. జంగయ్య వీపు దానికి ఒక్కచోటే ఆనింది. కాళ్లు గాల్లో తేలాయి. మెల్లగా కిందికి జారడం మొదలుపెట్టాడు. రెండు సీట్ల మధ్య గట్టి పెట్టెలాంటి దిమ్మ ఉంది, అది పైకి లేవదు. పక్క నుంచి పట్టుకోవడానికి లక్ష్మమ్మ చెయ్యి అందలేదు. సారు ముందుకు దూకి మోకాళ్ల మీద కూర్చొని ఆయన్ను ఆపాడు.

జంగయ్య చెమటలు పడుతూనే అన్నాడు. "సారూ, గీ సీటుల కూసుంటె మీది కప్పు కనవడ్తాంది గని మనుషులు కనవడ్తలేరు. గిది పండవెడ్తాంది. నాకు కూసునేది గావాలె."

అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడే. బొంబాయికి ఫోను చేసి కనుక్కున్నాడు. ఇలాంటివాళ్లను స్ట్రెచర్ మీద పంపడం తమ పద్ధతి అని చెప్పాడు. విమానం వెనక భాగంలో కొన్ని సీట్లు మడిచి, పడకలా చేసి, పట్టీలతో కట్టి తీసుకుపోతారు. ఒక డాక్టరు తోడు ఉండాలి.

భాస్కర్ అది తెలుగులో వివరించాడు. జంగయ్య విని, మనిషంతా నావైపు తిరిగాడు.

"నేను పీనుగ లెక్క కట్టుకొని పోను చెల్లె. ఆడ సభల నేను కూసొని మాట్లాడాలె. పొయ్యేటప్పుడు గూడ కూసొనే పోత. లేకుంటె నన్ను ఇడిసిపెట్టుండ్రి, ఎవలన్న డాక్టరును పంపుండ్రి."

తిరిగి వచ్చేటప్పుడు జీపులో నాకు ఒకటే దిగులు. ఆయన పోకపోతే సభలో ఎవరో ఇంకొకరు కాగితం చూసి చదువుతారు. మా జిల్లా ఎముకల గురించి ఆ ఎముకలున్న మనిషే చెప్పే అవకాశం మళ్లీ వస్తుందని నాకు నమ్మకం లేదు. సారు కూడా బాధపడ్డాడు. అయితే అందులో కొంత, తను మెచ్చిన ఆ సీటు ఓడిపోయిందన్న బాధ అని నా అనుమానం.

బొంబాయి

మిగతా రెండు కంపెనీల సీట్లు చూడాలంటే బొంబాయి పోవాలి. సారు ఇద్దరికీ ఉత్తరాలు రాసి, పగటిపూట నిలిచి ఉన్న విమానాలు చూసేందుకు అనుమతి ఇప్పించాడు. ఏజెంట్లకు అప్పట్లో అలా చూపించేవారు. మా అమ్మీని తోడు తీసుకొని రైలెక్కాను. సంచిలో ముడుల తాడు, టిఫిన్ డబ్బా.

దుప్పటి కంపెనీ వాళ్లు మొదటి వరస సీటు చూపించారు. ముందు గోడే కాబట్టి కాళ్లకు జాగా బాగా ఉంది. ఎవరైనా మొదటి వరసే అడుగుతారు. అయితే మొదటి వరసలో ముందు సీటు ఉండదు కాబట్టి భోజనం బల్ల చేతిపిడిలోనే మడిచిపెట్టి ఉంటుంది. అందుకే ఆ పిడి పైకి లేవదు, ఆ బల్ల బరువూ మోయదు. మోచేతులు గట్టిగా ఆనిస్తే కిందికి ఊగిపోయింది. జంగయ్య దాని మీద వాలి నిద్రపోవాలి. కుదరదు. వెనక వరసల్లో బల్ల పర్వాలేదు, సీటు మాత్రం మరీ కిందికి ఉంది. అందులోంచి ఆయన్ను లేపాలంటే ఇద్దరు కావాలి.

అత్తరు కంపెనీలో నాకు దారి చూపింది ఫెర్నాండెజ్ మేడమ్ అనే పెద్దావిడ. ఆమెతో ఉర్దూలో మాట్లాడాను. తమ సీట్లు చూపించడానికి ఆమె కొంచెం సిగ్గుపడింది. "ఇవి పాతవి, త్వరలో మారుస్తున్నాం," అంది. నేను తాడు తీసి కొలవడం మొదలుపెట్టాను. సీటు ఎత్తుగా ఉంది, నిటారుగా ఉంది. సరిగ్గా వాలదనే కదా అందరూ దాన్ని తిట్టేది. చేతిపిడి పైకి లేస్తుంది. ముందు సీటు వీపుకున్న బల్ల మీద నా బరువంతా వేసి చూశాను, కదల్లేదు. మరుగుదొడ్డి రెండడుగుల్లోనే ఉంది. ఆ వెలిసిన తివాచీ మీద నిలబడి నేను నవ్వుతుంటే ఆమెకు అర్థం కాలేదు.

నేను విషయమంతా చెప్పాను. ఆమె విన్నది. వెంటనే ఒప్పుకోలేదు.

"విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు బల్ల మూసెయ్యాలి. బెల్టు పెట్టుకొని, ఏ ఆసరా లేకుండా కూర్చోవాలి. ఆయన కూర్చోగలడా?"

"కూర్చోగలడనే అనుకుంటున్నాను."

"అనుకుంటే చాలదు. ప్రయాణం రోజు అందరికంటే ముందుగా తీసుకురండి. ఖాళీ విమానంలో కూర్చోబెట్టి, మా డాక్టరు చూస్తాడు. కాదంటే అక్కడి నుంచే వెనక్కి పోవాలి. ఈ మాట ఆయనకు ముందే చెప్పండి."

చెప్పాను. జంగయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పరీక్ష వెడ్తె రాస్త. ఏడో తరగతి దాంక పాసైనోన్నే," అన్నాడు.

ప్రయాణం రోజు మధ్యాహ్నం నేను కూడా బొంబాయిలోనే ఉన్నాను. ఫెర్నాండెజ్ మేడమ్ నాకు లోపలికి పాసు రాయించింది. చక్రాల కుర్చీని ఒక లిఫ్టు బండి మీద విమానం తలుపు దాకా ఎత్తారు. చేతిపిడి లేపి, లక్ష్మమ్మ పక్క నుంచి నడుము కింద చెయ్యేసి ఆయన్ను సీట్లోకి జరిపింది. ఆమె చేసినంత సులువుగా ఆ పని ఇంకెవరూ చేయలేరు. వీపు వెనక దిండ్లు పెట్టాం. బెల్టు కట్టాం. బల్ల మూశారు. అందరం చేతులు తీసేశాం.

జంగయ్య రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకొని, కళ్లు మూసుకొని కూర్చున్నాడు. పెదవులు బిగుసుకున్నాయి. డాక్టరు గడియారం చూస్తూ నిలబడ్డాడు. లక్ష్మమ్మ నడవలో నిలబడి, చెయ్యి ముందుకు చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది. ఆ కాసేపు ఎంత పొడుగో నాకు తెలుసు. చివరికి డాక్టరు వంగి, నొప్పిగా ఉందా అని హిందీలో అడిగాడు.

జంగయ్య కళ్లు తెరిచాడు. "నొప్పి లేని దినం యాడున్నది సారూ? గని కూసున్న గద! సూసిండ్రు గద!"

నేను దాన్ని హిందీలోకి మార్చి చెప్పాను. డాక్టరు నవ్వి ఫెర్నాండెజ్ మేడమ్ వైపు తల ఊపాడు. నేను దిగి వచ్చేసరికి లక్ష్మమ్మ ఇంకా నడవలోనే నిలబడి ఉంది. తన సీట్లో కూర్చోవచ్చని ఆమెకు ఎవరో చెప్పాల్సి వచ్చింది.

మారిన విమానం

ఈ పనిలో మన చేతిలో లేనివి చాలా ఉంటాయి. వాటిలో పెద్దది విమానం మారడం. టికెట్ మీద అదే కంపెనీ, అదే నంబరు, అదే వేళ. తీరా పోయి చూస్తే వేరే విమానం నిలబడి ఉంటుంది. లోపల వేరే సీట్లు. జంగయ్య తిరుగు ప్రయాణంలో అదే జరిగింది. ఆ కంపెనీ చెప్పినట్టే సీట్లు మార్చడం మొదలుపెట్టింది, లండన్‌లో వీళ్లకు దొరికింది కొత్త విమానం. మెత్తగా, గుంటగా, బాగా వాలే సీటు. అచ్చం హైదరాబాదు షోరూములో చూసినలాంటిదే.

నాకు ఈ సంగతి వాళ్లు ఇల్లు చేరాకే తెలిసింది. సభకు వేరే విమానంలో పోయొచ్చిన భాస్కర్ ముందే అక్కడి ముచ్చట్లు చెప్పి వెళ్లాడు. జంగయ్య కూర్చొనే మాట్లాడాడని, "నన్ను తాత అంటరు, బాయినీళ్లు తాగి పెరిగిన మా బాపు గింకా కర్ర లేకుంట నడుస్తడు" అన్నాడని, సభ అయ్యాక చాలామంది వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నారని. తిరుగు ప్రయాణం ఎలా జరిగిందో మాత్రం వాళ్ల నోటే వినాలని మళ్లీ ఆ ఊరు పోయాను. ఈసారి సారు కూడా బస్సులో నాతో వచ్చాడు.

"ఏం ఫికర్ వెట్టుకోకు చెల్లె," అన్నాడు జంగయ్య నా ముఖం చూసి. "ముందల సీటుల కూసోవెట్టిండ్రు, జారిన. మల్ల కూసోవెట్టిండ్రు, మల్ల జారిన. గప్పుడు గా ఇమానం పిల్ల ఎనుకకు పొయ్యి సూసొచ్చింది. ఆడ మూడు సీట్లు ఖాళీ. నడుమ పిడులన్ని మీదికి లేసినయ్. లేసేటప్పుడు దిండ్లు వెట్టుకొని కూసున్న. ఇగ మీదికి పోయినంక గా మూడిట్ల పక్కకు ముడుసుకొని పన్న. ఇంట్ల మంచంల పన్నట్టే! గిక్కడ గూడ గంత మంచిగ నిద్ర వట్టదు."

"ఎనుకనా?" అన్నాడు సారు. అంత సేపూ బిజినెస్ క్లాసు సీట్లు పోల్చిన మాకు ఆ మాట మింగుడుపడటానికి కొంచెం సమయం పట్టింది. ఒక మనిషికి వెనక మూడు సీట్లు కలిపి ఇప్పించవచ్చన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. ఆ తర్వాత ఇలాంటివాళ్లు వచ్చినప్పుడు ముందుగా అదే అడిగేవాళ్లం. కొన్నిసార్లు దొరికేవి, కొన్నిసార్లు లేదు.

"మరి వదినెక్కడ కూసున్నది? అటు ఇటు ఎవరు తిప్పిండ్రు?" అని అడిగాను.

"నడవకు గటుదిక్కు ఒక కేరళ నర్సమ్మ ఉండె. నేను సూసుకుంటనని ఆమెనే అన్నది. ఇది నా ఎంబడే వస్తనని నిలవడ్డది. నువ్వు ముందలికి పో, ఆడ రెండు సీట్లు ఉత్తగ పోతున్నయ్, జర పండుకో అన్న. ఇనది. కోపం జేసి పంపిన."

లక్ష్మమ్మ గడప దగ్గర కూర్చొని ఉంది. మామూలుగా రెండు మాటలకు మించి మాట్లాడని మనిషి. నేను ఆమె పక్కకు జరిగాను.

"సీటు ఎట్లుండె వదినా?"

ఆమె కొంగు సర్దుకొని మొదలుపెట్టింది. ఆగలేదు. పోయేటప్పటి సీటు కంటే వచ్చేటప్పటిది చాలా మంచిదట. పోయేటప్పటిది చెక్కబల్లలా గట్టిగా ఉండి వెన్ను నొచ్చిందట. వచ్చేటప్పటిది పక్కనున్న మీట నొక్కితే మెల్లగా వెనక్కి పోయిందట, కాళ్ల కింద పీట దానంతటదే లేచిందట. మొదట భయమేసి మళ్లీ నొక్కిందట. దుప్పటి బరువు లేదు, అయినా వెచ్చగా ఉందట. అన్నం ముద్ద చల్లగా ఉందట, రొట్టె మాత్రం వేడి. మెడ కింద పెట్టుకునే చిన్న దిండు తనకు బాగా నచ్చిందట. వెనక సీటతను నిద్రలో గురక పెడితే సీటు వీపు ఎత్తుగా ఉండటం వల్ల అంతగా వినబడలేదట. మా గోడ మీది పోస్టర్లలో ఏ ఒక్కటీ ఒక సీటు గురించి అంత నిజంగా చెప్పలేదు. సారు కుర్చీ ముందుకు జరుపుకొని వింటున్నాడు.

"నిద్ర వట్టిందా?" అన్నాను.

"పట్టుడేంది! బొంబాయి వచ్చిందని గా పిల్ల భుజం తట్టి లేపింది. నడుమల ఒక్కసారి గూడ మెలకువ రాలె. లేసినంక నాకే భయమైంది, ఈయన్ని తిప్పలేదే అని. పెండ్లైన సంది గట్ల పండలేదు రజియా."

జంగయ్య బల్ల మీద మోచేతులు ఆనించుకొని ఆమెనే చూస్తున్నాడు. లండన్ సభలో అంతమంది తనను చూసినా ఆయన అంత మురిసిపోయి ఉండడు. మేం తాడుతో ఆయన్ను అంగుళం అంగుళం కొలిచాం. ఆమెకు నడుము నొస్తుందా అని ఒక్కరం కూడా అడగలేదు. ఆయన మాత్రం కోపం చేసి మరీ ఆ సీటు ఆమెకు ఇప్పించాడు.

బస్సు వేళయింది. సారూ నేనూ లేచాం. లక్ష్మమ్మ రోడ్డు దాకా మాతో నడిచి వచ్చింది. బస్సు దుమ్ము దూరంగా కనబడుతుండగా నా చెయ్యి పట్టుకొని మెల్లగా అడిగింది.

"మల్ల ఎప్పుడన్న పంపుతవా రజియా?"

"యాడికి పోతవు వదినా?"

"యాడికైన మంచిదే. జర దూరమున్నది సూడు."